జాగేశ్వర్ వెళ్తే ఒక రాత్రి అక్కడే ఉండండి

ఉత్తరాఖండ్ అనగానే మనవాళ్ళకి కేదార్‌నాథ్, బదరీనాథ్, హరిద్వార్, రిషికేశ్, ఇంకొంచెం టైముంటే నైనితాల్, అంతే గుర్తొస్తాయి. ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీల్లో కూడా తిప్పి తిప్పి అవే ఉంటాయి. అదే రాష్ట్రంలో కుమావూ వైపు, అల్మోరా నుంచి 36 కిలోమీటర్లు లోపలికెళ్తే జాగేశ్వర్ అని ఒక చిన్న ఊరుంది. పెద్ద పెద్ద దేవదారు చెట్ల మధ్య సన్నటి లోయ, లోయలో జటాగంగ అని ఒక వాగు, వాగు పక్కన గుళ్ళు. ఒకటీ రెండూ కాదు, చుట్టుపక్కలవన్నీ కలిపి 124 అని లెక్క చెప్తారు. అన్నీ రాతి గుళ్ళే, చాలావరకు శివుడివే, 7వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా కట్టుకుంటూ వచ్చినవి. మొదట కత్యూరీ రాజుల కాలంలో, తర్వాత చంద్ రాజుల కాలంలో. ఇప్పుడు పురావస్తు శాఖ వాళ్ళ సంరక్షణలో ఉన్నాయి.

మేం మొన్న దసరా అయ్యాక వెళ్ళాం, నేనూ అమ్మా. అమ్మకి కేదార్‌నాథ్ ఎక్కే ఓపిక లేదు, గుర్రం మీద కూర్చోవడం అంటే భయం, అలాగని హిమాలయాల్లో శివుణ్ణి చూడాలన్న కోరిక తీరకుండా ఉండిపోకూడదని నేను వెతుకుతుంటే ఇది దొరికింది. కారు గుడి గేటు దాకా వెళ్తుంది, మెట్లు పెద్దగా లేవు, 1870 మీటర్ల ఎత్తే కాబట్టి ఊపిరాడకపోవడం లాంటి భయం లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి చాలు.

ఢిల్లీ దాకా ఎలాగైనా చేరతాం కదా, అక్కణ్ణుంచి రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదాం. రైలు పట్టాలు అక్కడితో అయిపోతాయి, ఇంక అంతా కొండే. స్టేషన్ బయట టాక్సీలు, షేర్ జీపులు ఉంటాయి, అమ్మతో కాబట్టి మేం టాక్సీ మాట్లాడుకున్నాం. భవాలీ దాటాక కైంచీ ధామ్ దగ్గర మాత్రం ట్రాఫిక్ ఘోరంగా ఉంటుంది, నీమ్ కరోలీ బాబా ఆశ్రమం అది, ఈమధ్య జనం విపరీతంగా వస్తున్నారు, పొద్దున్నే దాటేస్తే మంచిది. తర్వాత కోసీ నది పక్కన కాసేపు, ఆపైన అల్మోరా. అల్మోరాలో బాల్ మిఠాయి కొనుక్కోండి, కోవాని బాగా మాడే రంగు వచ్చేదాకా వేయించి ముక్కలు కోసి పైన తెల్లటి చిన్న చిన్న చక్కెర గుళికలు అద్దుతారు, అమ్మ ఒక డబ్బా కారులోనే సగం చేసింది.

అల్మోరా దాటిన కాసేపటికే చితయీలో గోలూ దేవత గుడి. న్యాయం చేసే దేవుడని కుమావూ వాళ్ళ నమ్మకం. కోర్టులో కేసులు తేలనివాళ్ళు, ఆస్తి తగాదాలున్నవాళ్ళు, ఉద్యోగం రానివాళ్ళు అందరూ కాగితం మీద రాసి అక్కడ కట్టేసి వెళ్తారు, కొంతమంది ఏకంగా స్టాంపు పేపర్ మీదే రాస్తారు. కోరిక తీరితే గంట కడతారు. గుడి చుట్టూ ఎటు చూసినా గంటలే, చిటికెన వేలంత వాటి నుంచి ఇద్దరు మోస్తే గానీ కదలని వాటి దాకా. అమ్మకి చదవడం రాకపోయినా ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటీ చేత్తో సర్ది చూసి "పాపం ఎవరెవరి కష్టాలో మే ఇవన్నీ" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ గుడి గురించే ఎక్కువ చెప్తోంది అందరికీ.

ఆర్తోలా అనే చోట మెయిన్ రోడ్డు వదిలి ఎడంపక్కకి తిరగాలో కుడిపక్కకి తిరగాలో చూసుకునే పనిలేదు, చెట్లే చెప్తాయి. అప్పటిదాకా పైన్ చెట్లు, ఎండ, దుమ్ము. ఆ మలుపు తిరిగాక దేవదారు అడవి మొదలవుతుంది, ఒక్కసారి వెలుతురు తగ్గిపోతుంది, చలి తెలుస్తుంది. అక్కణ్ణుంచి జాగేశ్వర్‌కి మూడు కిలోమీటర్లు. మా డ్రైవర్ అద్దాలు దించి ఇంజన్ మెల్లగా పోనిచ్చాడు, అడక్కుండానే. 2024లో ఈ మూడు కిలోమీటర్ల రోడ్డునే వెడల్పు చెయ్యాలని దేవదారు చెట్లకి గుర్తులు వేశారు, ఊరివాళ్ళు ఊరుకోలేదు, ఇవి చెట్లు కాదు మా దేవుళ్ళు అని గట్టిగా అడ్డుపడ్డారు, ప్రభుత్వం కూడా వెనక్కి తగ్గింది. ఆ చెట్ల కింద నుంచి వెళ్తే ఎందుకు అంతగా అడ్డుపడ్డారో నాకు బాగా అర్థమైంది. జాగేశ్వర్‌లో గుడి ఎంతో అడవీ అంతే. అడవి లేకుండా ఆ గుళ్ళని ఊహించుకోలేం. రోడ్డు ఇరుగ్గా ఉంటే ఉండనీ, ఎదురుగా బండి వస్తే ఓ నిమిషం ఆగుదాం, దానికేముంది.

ఊరికి కిలోమీటరు ముందే దండేశ్వర్ గుడి వస్తుంది, చాలామంది వచ్చేటప్పుడు చూద్దాంలే అని వదిలేసి తిరుగు ప్రయాణంలో మర్చిపోతారు. వెళ్ళేటప్పుడే ఆగండి. ఈ ప్రాంతంలో ఉన్న ఎత్తైన గుళ్ళలో అదొకటి, పైగా జనం ఉండరు.

ఇక అసలు గుడి ఆవరణ. గేటు లోపలికి అడుగు పెట్టగానే మనకి అలవాటైన లెక్క ఏదీ అక్కడ పనిచెయ్యదు. మన వైపు గుడి అంటే గోపురం, ధ్వజస్తంభం, ప్రాకారం, క్యూ లైను. ఇక్కడ గోపురం లేదు. చిన్నా పెద్దా గుళ్ళు పక్కపక్కనే, కొన్ని ఎంత దగ్గరగా అంటే రెండింటి మధ్య నేను పక్కకి తిరిగి నడవాల్సొచ్చింది. కొన్ని మన ఇంటి కంటే ఎత్తు, కొన్ని నా నడుము దాకా కూడా లేవు, అయినా వాటికీ శిఖరం ఉంది, గర్భగుడి ఉంది, లోపల లింగం ఉంది. నేల మీద రాళ్ళు పరిచారు, పొద్దున పూట మంచుకి తడిసి కాళ్ళు జివ్వుమంటాయి, సాక్సులతో నడవనిస్తారు, పట్టుకెళ్ళండి.

అన్నిట్లోకీ పెద్దది, పాతది మృత్యుంజయ మహాదేవుడి గుడి. తూర్పు ముఖం. ముందు మండపం, స్తంభాల మీదా గోడల మీదా చిన్న చిన్న శాసనాలు, 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా వచ్చిపోయిన వాళ్ళు చెక్కించినవి. ఆ లోపల కూర్చుని మృత్యుంజయ జపం చేయించుకుంటారు జనం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఇక్కడికొచ్చి మొక్కుతారు. ఒక కుటుంబం మొత్తం కూర్చుని ఉంది మేం వెళ్ళేసరికి, పెద్దాయన ఫోటో ఒకటి పీట మీద పెట్టుకుని, ఆయన ఆస్పత్రిలో ఉన్నారట. అమ్మ వాళ్ళ పక్కనే కూర్చుని త్ర్యంబకం యజామహే అందుకుంది, భాష తెలీదు, వాళ్ళెవరో తెలీదు, వాళ్ళు కూడా కొంచెం జరిగి చాప మీద చోటిచ్చారు. ఈ గుడి గురించి అక్కడివాళ్ళు ఒక కథ చెప్తారు. ఒకప్పుడు ఇక్కడ ఏం కోరుకుంటే అది జరిగిపోయేదట, మంచైనా చెడైనా, జనం పక్కవాళ్ళకి చెడు జరగాలని కూడా కోరుకోవడం మొదలుపెడితే ఆదిశంకరులు వచ్చి ఆ శక్తిని బంధించారట, అప్పట్నుంచి మంచి కోరికలే తీరతాయని.

జాగేశ్వర్ మహాదేవుడి గుడి పడమర ముఖం. వాకిలికి రెండు పక్కలా నంది, స్కంది అని నిలువెత్తు ద్వారపాలకులు. లోపల లింగం రెండు భాగాలుగా ఉంటుంది, పెద్దది శివుడు, చిన్నది పార్వతి, అర్ధనారీశ్వరుడు అన్నమాట. పక్కన అఖండ దీపం. పూజారి గోత్రం అడిగితే అమ్మ చెప్పింది, ఎక్కణ్ణుంచి వచ్చారు అంటే నేను కర్నూలు అన్నా, ఆయనకి తెలీలేదు, హైదరాబాద్ అన్నా తల ఊపారు, అమ్మకి ఏమనిపించిందో మధ్యలో దూరి "శ్రీశైలం, శ్రీశైలం పక్కన" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. "అచ్ఛా మాతాజీ, మల్లికార్జున్!" అని వెంటనే సౌరాష్ట్రే సోమనాథం చ అని ఎత్తుకున్నారు, అమ్మ శ్రీశైలే మల్లికార్జునం అని అందుకుంది, ఇద్దరూ కలిసి చదువుకుంటూ నాగేశం దారుకావనే దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి, చేత్తో లింగాన్ని చూపించి, ఇదే అన్నారు.

ఇక్కడ ఒక మాట. ఆ దారుకావనం ఎక్కడ అన్నదాని మీద మూడు చోట్ల వాళ్ళు మాదంటే మాదంటారు. గుజరాత్‌లో ద్వారక దగ్గర నాగేశ్వర్, మహారాష్ట్రలో ఔండా నాగనాథ్, ఇక్కడ జాగేశ్వర్. అమ్మ ద్వారకలో ఇదివరకే దర్శనం చేసుకుంది కాబట్టి "మరి అదేందిమే" అని నన్ను అడిగింది. నాకైతే ఈ తగాదా తేల్చాలని లేదు. దారుకావనం అన్న మాట విని కళ్ళు మూసుకుంటే మనకి కనిపించే అడవి ఎలా ఉంటుందో అచ్చం అలాంటి అడవి మధ్యలో నిలబడి ఉన్నాం, దేవదారు మాను చుట్టూ ముగ్గురు చేతులు పట్టుకున్నా అందదు, అది నాకు చాలు. ఆవరణలోనే ఒక దేవదారు ఉంది, మొదలు ఒకటే, కొంచెం పైకెళ్ళాక రెండు మానులుగా చీలి నిటారుగా వెళ్ళిపోతుంది. దాన్ని కూడా శివపార్వతులనే మొక్కుతారు, మొదట్లో కుంకుమ, ఎర్ర దారాలు. తల పూర్తిగా వెనక్కి వాల్చి చూసినా చివర కనపడదు.

నాకు ఈ మొత్తం ప్రయాణంలో బాగా పట్టుకున్న విషయం ఇంకొకటుంది. మొదటి రోజు సాయంత్రం దర్శనం అయిపోయింది, అల్మోరా నుంచి వచ్చిన కార్లన్నీ వెళ్ళిపోయాయి, నేను ఊరికే గుళ్ళ మధ్య తిరుగుతూ శిఖరాలు చూస్తున్నా. నిలువుగా పైకి లేచి చివర్లో మెల్లగా లోపలికి వంగే శిఖరం, దాని నెత్తిన ఉసిరికాయలా గాడులు తీర్చిన గుండ్రటి రాయి. ముందు భాగంలో గుమ్మం పైన బయటికి పొడుచుకొచ్చిన గూడు లాంటి దాంట్లో శివుడి తలలు. ఇది ఎక్కడో చూశానే, బాగా తెలిసిన ఆకారమే అని కాసేపు తన్నుకులాడి, అప్పుడు తట్టింది. ఆలంపురం! కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే అరగంట. చిన్నప్పుడు బంధువులు ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపించే ఊరు. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు కట్టించారు, 7వ శతాబ్దంలో మొదలుపెట్టి. ఒక్క తారకబ్రహ్మ గుడి తప్పిస్తే మిగతావన్నీ ఇదిగో ఇలా ఉత్తరాది నాగర పద్ధతి శిఖరాలే. దక్షిణాది పద్ధతి శిఖరాలు, అంటే ద్రావిడ విమానాలు, ఉండాల్సిన మన గడ్డ మీద ఈ ఉత్తరాది శిఖరాలు ఎందుకున్నాయా అని స్కూల్లో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంచుమించు అదే కాలంలో, దాదాపు రెండువేల కిలోమీటర్ల దూరంలో, కొండల్లో ఈ గుళ్ళు లేస్తున్నాయి.

ఆకారం ఒక్కటే కాదు. జాగేశ్వర్‌లో లకులీశుడి గుడి ఉంది. లకులీశుడంటే పాశుపత శైవానికి, అంటే శివుణ్ణి పశుపతిగా కొలిచే శాఖకి, ఆద్యుడు, గుజరాత్‌లో కారవణ్ అనే చోట శివుడే అలా అవతరించాడని వాళ్ళ నమ్మకం. పద్మాసనంలో కూర్చుని చేతిలో దండం పట్టుకుని ఉంటాడు, అదే గుర్తు. పాశుపత సాధువులు దేశమంతా కాలినడకన తిరిగారు, వాళ్ళు ఆగిన చోటల్లా శివుడి గుళ్ళూ మఠాలూ వెలిశాయి. ఆలంపురంలోనూ లకులీశుడి శిల్పం ఉంది. అంటే ఆ రోజుల్లో ఎవరో ఒక బూడిద పూసుకున్న సాధువు తుంగభద్ర ఒడ్డున రుద్రం చదివి, ఏళ్ళ తరబడి నడిచి ఈ జటాగంగ ఒడ్డుకొచ్చి కూర్చున్నా ఆయనకి ఇక్కడేం కొత్తగా అనిపించి ఉండదు. ఇది నా ఊహే, ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, కానీ ఆ సాయంత్రం నాకు ఆ ఊహ ఎంత ఇష్టంగా అనిపించిందో చెప్పలేను. అమ్మకి చెప్తే "అందుకే నాకు మనూరి గుడిలానే అనిపిస్తా ఉంది పొద్దున్నుంచి" అంది.

తేడాలు కూడా ఉన్నాయి. ఆలంపురం రాయి ఎర్రటి ఇసుకరాయి, చాళుక్యుల శిల్పులు గోడల నిండా బొమ్మలు, కిటికీలకి రాతి జాలీలు చెక్కారు, అక్కడ చూడ్డానికే సగం రోజు పడుతుంది. జాగేశ్వర్ గోడలు చాలావరకు సాదా, బూడిదరంగు రాయి, నాచు పట్టి కొన్నిచోట్ల పచ్చగా. ఇంకో తేడా, ఇక్కడి పెద్ద గుళ్ళకి శిఖరం పైన చెక్కతో ఒక గొడుగు లాంటి కప్పు కట్టి ఉంటుంది, నాలుగు వైపులా వాలుగా. చలికాలం మంచు పడే చోటు కదా. రాతి శిఖరం నెత్తిన చెక్క కప్పు మొదట్లో వింతగా కనిపిస్తుంది, కాసేపటికి అది లేకపోతే ఏదో లోటు అనిపిస్తుంది.

చిన్న గుళ్ళని వదలకండి. జనం మృత్యుంజయుడు, జాగేశ్వరుడు, పుష్టిదేవి, ఈ మూడూ చూసి బయటికొచ్చేస్తున్నారు. కుబేరుడి గుడి వాగుకి అవతల కొంచెం పైకి ఉంటుంది, ఆ మెట్ల మీద నుంచి చూస్తేనే మొత్తం ఆవరణ ఒక్క చూపులో కనిపిస్తుంది, ఫోటో తీసుకోవాలంటే కూడా అక్కడే, గర్భగుళ్ళలో తియ్యనివ్వరు. కేదారేశ్వరుడు, నవదుర్గ, సూర్యుడు, నవగ్రహాలు, వరసగా ఉన్నాయి. ఒక చిన్న గుళ్ళో లింగం మీద ఎవరో పొద్దున్నే పెట్టిన ఒక్క బంతిపువ్వు, ఒక బిల్వదళం. పూజారి కనపళ్ళేదు, దీపం లేదు. కానీ ఎవరో వంగి, తల తగలకుండా చూసుకుని, లోపలికి చెయ్యి చాపి పెట్టి వెళ్ళారు. అన్ని గుళ్ళ మధ్య ఆ ఒక్కదానికే ఎందుకు పెట్టారో మరి, వాళ్ళింటి దేవుడేమో.

పక్కనే వాగొడ్డున శ్మశానం ఉంది. ముందే చెప్తున్నా, కొంతమంది చూసి ఇబ్బంది పడుతున్నారు. శివుడి ఊరు కదా, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇక్కడికే తీసుకొస్తారు.

ఉండటానికి కుమావూ టూరిజం వాళ్ళ గెస్ట్ హౌస్ గుడికి దగ్గర్లోనే ఉంది, హోమ్‌స్టేలు కూడా ఉన్నాయి. మేం హోమ్‌స్టేలో ఉన్నాం. రాత్రి భోజనంలో ఆ ఇంటావిడ మడువా రొట్టెలు, గహత్ పప్పు పెట్టింది. నల్లగా ఉన్న రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని అమ్మ "ఇవి రాగులు మే!" అని గట్టిగా అంది, పప్పు కలిపి చూస్తే అది ఉలవలు. రాయలసీమ మనిషికి హిమాలయాల్లో రాగులూ ఉలవలూ దొరికితే ఇంకేం కావాలి. ఆ తర్వాత ఇద్దరూ వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చున్నారు, అమ్మ చేతులతో సంగటి ఎలా కెలకాలో చూపిస్తోంది, ఆవిడ పప్పులోకి వేసే జంబూ అనే పోపు గడ్డి తెచ్చి వాసన చూపిస్తోంది, నేను మధ్యలో హిందీ తెలుగు చెప్పబోతే ఇద్దరూ పట్టించుకోలేదు.

రాత్రి ఉండమని నేను ఇంతగా చెప్పడానికి కారణం పొద్దున హారతి. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా కార్లు వస్తూ పోతూ ఉంటాయి, బానే ఉంటుంది గానీ జాగేశ్వర్ అంటే అది కాదు. తెల్లవారుజామున ఊరివాళ్ళు పది పదిహేను మంది, అంతే. లోయ చుట్టూ ఎత్తైన చెట్లు కాబట్టి సూర్యుడు ఆలస్యంగా దిగుతాడు, గంటలు మోగుతున్నా ఆవరణ ఇంకా నీలంగానే ఉంటుంది, మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది. పూజారి అభిషేకం చేస్తూ చదువుతున్న నమకం, మన దగ్గర చదివే నమకం ఒకటే, స్వరం కాస్త వేరు, అంతే. క్యూ లేదు, టికెట్ లేదు, జరుగు జరుగు అని తోసేవాళ్ళు లేరు. అమ్మ ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడింది. తిరుమలలో, శ్రీశైలంలో రెప్పపాటు దర్శనానికి అలవాటుపడ్డ మనిషి, ఇంకెవరూ వెనకాల లేరని రెండుమూడుసార్లు తిరిగి చూసుకుంది.

మర్నాడు టైముంటే వృద్ధ జాగేశ్వర్ కూడా వెళ్ళిరండి, కొండపైన ఉంటుంది, నడిచే దారి అడవిలోంచి, కారు రోడ్డు వేరే చుట్టు తిరిగి వెళ్తుంది. జాగేశ్వర్ లోయలో ఉంది కాబట్టి మంచుకొండలు కనపడవు, అది చాలామందికి తెలీక నిరాశపడతారు. వృద్ధ జాగేశ్వర్ నుంచి ఆకాశం తేటగా ఉంటే నందాదేవి, త్రిశూల్, పంచచూలీ వైపు శిఖరాలన్నీ కనిపిస్తాయి. అక్టోబర్, నవంబర్ పొద్దున పూటలు దానికి బెస్ట్.

ఎప్పుడు వెళ్ళకూడదో కూడా చెప్పాలి. ఇక్కడ శ్రావణ మాసం మేళా పెద్దది, నెల రోజులు. కానీ మన క్యాలెండర్ చూసి శ్రావణం ఇంకా రాలేదు కదా అని బయల్దేరకండి. కుమావూలో నెలలు సంక్రాంతితో లెక్క, జులై మధ్యలో హరేలా పండగతో వాళ్ళ శ్రావణం మొదలైపోతుంది. ఆ రోజుల్లో జనం, పైగా వర్షాలకి కొండచరియలు విరిగి రోడ్లు మూసేస్తారు. జనవరి, ఫిబ్రవరిలో మంచు పడొచ్చు, అందంగానే ఉంటుంది గానీ పెద్దవాళ్ళతో వద్దు.

ఇంకొక్కటి. కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ వైపు వాళ్ళయితే జాగేశ్వర్ వెళ్ళే ముందు ఒక ఆదివారం ఆలంపురం వెళ్ళి రండి. జోగులాంబ దర్శనం చేసుకుని అటునుంచి అటే వచ్చెయ్యకుండా, బాలబ్రహ్మ గుడి నుంచి మొదలుపెట్టి తొమ్మిదీ చూడండి, స్వర్గబ్రహ్మ గుడి దగ్గర ఎక్కువసేపు ఉండండి, శిఖరాలని ఫోన్‌లో ఫోటోలు తీసిపెట్టుకోండి. జాగేశ్వర్‌లో సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాక ఆ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మేం మాత్రం వచ్చాక వెళ్తున్నాం, వచ్చే వారం, అమ్మే అడిగింది.